ఇంట్లో త్వరగా చేసుకునే కర్రీ ఉడోన్: సూప్‌కు ఆ చిక్కదనం ఎలా వస్తుంది?

ఒంటిపొయ్యి:
ఉద్యోగరీత్యా జపాన్‌లో ఉంటున్నాను. నా వంటగదిలో ఒకే ఒక పొయ్యి, ఒక మైక్రోవేవ్ ఉన్నాయి. సాయంత్రం ఇల్లు చేరాక అరగంటలో ముగిసే వంట కావాలి కాబట్టి తరచుగా కర్రీ ఉడోన్ (కర్రీ సూప్‌లో లావుపాటి గోధుమ నూడుల్స్) చేసుకుంటున్నాను. సూపర్‌మార్కెట్‌లో దొరికే కర్రీ రూ బిళ్ళలను (గోధుమ పిండి, కొవ్వు, కర్రీ పొడి కలిపి గట్టిపరచినవి) పెట్టె మీది కొలత ప్రకారం నీళ్ళలో కరిగించి ఉడోన్ మీద పోస్తే, అన్నంలోకి చేసిన కూరను తెచ్చి నూడుల్స్ మీద కుమ్మరించినట్టుగా ఉంటోంది. పోనీ అని నీళ్ళు పెంచితే రుచి పలచబడడమే కాకుండా సూప్ నూడుల్‌ను పట్టుకోకుండా గిన్నె అడుగునే మిగిలిపోతోంది. ఉడోన్ దుకాణాల్లో వడ్డించే సూప్ మెరుస్తూ, కొద్దిగా జారుతూ, నూడుల్‌తో పాటే నోటి దాకా వస్తుంది. కారం ఎక్కువ ఉండదు, అయినా రుచి లోతుగా ఉంటుంది. తక్కువ సమయంలో దానికి దగ్గరగా రావాలంటే ఏ పద్ధతి మంచిదో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

దాషిగిన్నె:
ఒంటిపొయ్యి గారూ, పెట్టె మీద ఇచ్చిన కొలత అన్నంలోకి పనికివచ్చే కొలత. దానిని నూడుల్స్‌కు వాడుతున్నంత కాలం మీరు చెప్పిన రెండు ఇబ్బందుల్లో ఏదో ఒకటి ఉండనే ఉంటుంది. కర్రీ ఉడోన్‌లో మొదటి స్థానం దాషిది, అంటే ఎండు చేప, సముద్రపు నాచు వంటివాటి నుంచి తీసే రసానిది, కర్రీ దాని తరువాతే. అందుకని రూ బిళ్ళలు సగానికి తగ్గించండి, తగ్గిన రుచిని మెంట్సుయుతో, అంటే దాషి, సోయా సాస్ కలిపిన గాఢమైన ద్రవంతో, నింపండి, తగ్గిన చిక్కదనాన్ని కతకురికోతో, అంటే బంగాళదుంప పిండితో, తెచ్చుకోండి. ఈ మూడు పనులూ కలిసి జరిగితేనే దుకాణపు సూప్ ఛాయలు కనిపిస్తాయి. ఏ ఒక్కటి వదిలేసినా ఫలితం ఉండదు.

ఇద్దరికి సరిపడే లెక్క ఇది. నీళ్ళు 600 మిల్లీలీటర్లు, మూడింతల గాఢత ఉన్న మెంట్సుయు 3 పెద్ద చెంచాలు, రూ బిళ్ళలు 2 (సుమారు 40 గ్రాములు), కతకురికో 1 పెద్ద చెంచా, దానిని కలపడానికి 2 పెద్ద చెంచాల చల్లని నీళ్ళు. జపాన్‌లో పెద్ద చెంచా అంటే 15 మిల్లీలీటర్లు. వీటితో పాటు పలుచగా కోసిన పంది మాంసం గానీ కోడి మాంసం గానీ 150 గ్రాములు, సగం ఉల్లిపాయ, ఒక నెగి (జపాన్ ఉల్లికాడ), ఫ్రోజెన్ ఉడోన్ 2 ముద్దలు తీసుకోండి. మెంట్సుయు రెండింతల గాఢతదే దొరికితే నాలుగున్నర చెంచాలు పోయాలి. రూలోనూ ఉప్పు ఉంటుంది, మెంట్సుయులోనూ ఉంటుంది కాబట్టి విడిగా ఉప్పు వేయవద్దు.

గిన్నెలో కొద్దిగా నూనె వేసి, నిలువుగా చీల్చిన ఉల్లిపాయను రెండు నిమిషాలు వేయించి, మాంసమూ నెగిలోని తెల్లభాగమూ వేసి, మాంసం రంగు మారగానే నీళ్ళు పోయండి. మరిగాక పైకి తేలే నురుగును తీసేసి మూడు నాలుగు నిమిషాలు ఉడకనివ్వండి. ఇప్పుడు మంట పూర్తిగా ఆపాలి. బుడగలు అణిగే దాకా ఆగి, బిళ్ళలను విరిచి వేసి, అవి పూర్తిగా కరిగే వరకు గరిటెతో తిప్పి, మెంట్సుయు పోసి, సన్నని మంట మీద మూడు నిమిషాలు ఉంచండి. మళ్ళీ మంట ఆపండి. చల్లని నీళ్ళలో కలిపిన కతకురికో దాని గిన్నె అడుగున గట్టిగా పేరుకుపోతుంది కాబట్టి పోసే ముందు మరొకసారి బాగా కలిపి, ఒక చేత్తో సన్నని ధారగా పోస్తూ రెండో చేత్తో తిప్పుతూ ఉండాలి. తరువాత మంట వెలిగించి, బుడగలు రావడం మొదలైనప్పటి నుంచి ఒక నిమిషం పాటు ఉడికించాలి. చిక్కదనం కుదిరిందో లేదో బుడగలే చెబుతాయి: అప్పటివరకు చిన్నవిగా, గలగలమంటూ లేచేవి కాస్తా పెద్దవిగా, బరువుగా, ఒక్కొక్కటిగా పగులుతాయి. గరిటెతో అడుగున గీత గీస్తే ఒక్క క్షణం గిన్నె అడుగు కనబడి వెంటనే మూసుకుపోవాలి. గీత అలాగే నిలిచిపోతే అది అన్నంలోకి వెళ్ళవలసిన కూర.

పాతపేజీలు:
దాషిగిన్నె గారి మాటకు చరిత్ర కూడా మద్దతు ఇస్తుంది. జపాన్ వంట పుస్తకాల్లో కర్రీ 1872 నాటికే కనిపిస్తుంది. బ్రిటన్ మీదుగా వచ్చిన పాశ్చాత్య వంటకంగానే దానిని అప్పట్లో పరిగణించారు. కర్రీ ఉడోన్‌ను మొదట అమ్మినది టోక్యోలోని వాసెదా ప్రాంతంలో ఉన్న సాంచోఆన్ అనే సోబా (బక్‌వీట్ నూడుల్స్) దుకాణమనీ, ఆ సంవత్సరం 1904 అనీ చెబుతారు. ముద్దగా గట్టిపడిన రూ బిళ్ళలు మార్కెట్‌లోకి వచ్చినది మాత్రం 1950లో. ఆపిల్, తేనె కలిపిన వర్మాంట్ కర్రీ 1963లో వచ్చాక గానీ ఆ బిళ్ళలు పిల్లలున్న ప్రతి ఇంటి వంటగదిలోనూ స్థిరపడలేదు. అంటే సోబా, ఉడోన్ దుకాణాలు కొన్ని దశాబ్దాల పాటు రూ బిళ్ళల అవసరమే లేకుండా కర్రీ నూడుల్స్ వండాయి. వారి దగ్గర ఉన్నవి అప్పటికే కాచి పెట్టుకున్న దాషి, సోయా సాస్, మిరిన్ (వంటకు వాడే తియ్యని బియ్యపు మద్యం), వీటికి తోడు డబ్బాలో వచ్చే కర్రీ పొడి, చిక్కదనానికి పిండి. దుకాణపు రుచి కావాలనుకునేవారు బిళ్ళల పెట్టెను పక్కన పెట్టి కర్రీ పొడితోనే మొదలుపెట్టడం న్యాయమని నా అభిప్రాయం.

దాషిగిన్నె:
పాతపేజీలు గారూ, రుచి విషయంలో మీతో ఏకీభవిస్తాను. అరగంట షరతు ఉన్న రోజున మాత్రం కాదు. పొడిని నూనెలో సన్నని మంట మీద వేయించి పచ్చివాసన పోగొట్టాలి, అది మాడిందంటే సూప్ అంతా చేదెక్కుతుంది. రూ బిళ్ళలో ఆ వేయింపు పని ముందే పూర్తయి ఉంటుంది. అందుకే రెండింటినీ కలిపి వాడుతుంటాను: బిళ్ళలు రెండు, చివరన చిటికెడు కర్రీ పొడి. బిళ్ళ చిక్కదనాన్ని ఇస్తుంది, పొడి వాసనను ఇస్తుంది.

నిదానం:
ఒక విషయంలో నాకు భిన్నాభిప్రాయం ఉంది. చాలామంది నూడుల్స్‌ను విడిగా ఉడికించి, గిన్నెలో వేసి, పైన సూప్ పోస్తారు. అలా చేస్తే సూప్ ఎంత రుచిగా ఉన్నా నూడుల్ లోపల చప్పగానే ఉంటుంది. పిండి నీళ్ళు కలపడానికి ముందు, అంటే సూప్ ఇంకా పలుచగా ఉన్నప్పుడే, ఫ్రోజెన్ ఉడోన్‌ను అందులో వేసి ఒక నిమిషం మరిగిస్తే దాషి నూడుల్‌లోకి కొంత ఇంకుతుంది. ఆ తరువాత కతకురికో కలపవచ్చు. పైగా ఒక గిన్నె కడిగే పని తప్పుతుంది, ఒకే పొయ్యి ఉన్నవారికి ఇంతకంటే ఏం కావాలి?

నిన్న మిగిలిన కర్రీ ఉన్నా ఇదే పద్ధతి. జపాన్ ఇళ్ళల్లో కర్రీ ఉడోన్ ఎక్కువగా పుట్టేది రెండో రోజునే కదా. గిన్నెకు అంటుకున్న కర్రీలో నీళ్ళు పోసి, గోడలకు పట్టినదంతా గరిటెతో గీకి, మెంట్సుయుతో రుచి సరిచేస్తే సగం వంట అయిపోయినట్టే.

పిండిమర:
నిదానం గారి పద్ధతిలో చిన్న చిక్కు ఉంది. ఫ్రోజెన్ ఉడోన్ సూప్‌లోకి చేరగానే సూప్ వేడి ఒక్కసారిగా పడిపోతుంది, నూడుల్ పైనున్న పిండి కూడా సూప్‌లో కలుస్తుంది. మెత్తటి నూడుల్ ఇష్టపడేవారికి అది లాభమే. సనుకి అనే ప్రాంతపు ఉడోన్‌లో ఉండే సాగుడు, పంటికి తగిలే బిగువు కావాలనుకుంటే మాత్రం విడిగానే ఉడికించాలి. ఫ్రోజెన్ ఉడోన్‌లో చాలావాటికి టాపియోకా పిండి కలుపుతారు, ఆ సాగుడుకు అది ఒక కారణం. సూప్‌లో ఎక్కువసేపు నానితే ఆ గుణం పోతుంది. ముందే ఉడికించి, గడ్డకట్టించకుండా అమ్మే మెత్తటి ఉడోన్‌కైతే నిదానం గారి పద్ధతి చక్కగా సరిపోతుంది.

ఒంటిపొయ్యి:
అందరికీ ధన్యవాదాలు. నాకు మూడు సందేహాలు మిగిలాయి. మంటను రెండుసార్లు ఆపడం నిజంగా అవసరమా, లేక అది కేవలం జాగ్రత్త కోసమా? పొయ్యి మీద సూప్ ఉన్నప్పుడు నూడుల్స్‌ను ఎక్కడ ఉడికించాలి? మూడోది కొంచెం విచిత్రంగా ఉండవచ్చు: దుకాణంలో తిన్నప్పుడు కూడా మొదట చిక్కగా ఉన్న సూప్ గిన్నె అడుగుకు వచ్చేసరికి నీళ్ళలా మారుతోంది. వారి లోపమా, నా తినే తీరులో ఏదైనా ఉందా?

పిండిమర:
మంట ఆపడం తప్పనిసరి. రూ బిళ్ళలో గోధుమ పిండి, కొవ్వు, కర్రీ పొడి, ఉప్పు, చక్కెర కలిసి ఉంటాయి. కుతకుతలాడే నీళ్ళలో బిళ్ళ పడితే పైపొరలోని పిండి వెంటనే నీళ్ళు పీల్చుకుని జిగురుగా మారి, లోపలి భాగానికి నీళ్ళు చేరకుండా కట్టేస్తుంది. మీరు తరువాత ఎంత తిప్పినా ఆ ఉండలు విడవవు. వేడి కొంత తగ్గితే కొవ్వు ముందుగా కరిగి, పిండి రేణువులు ఒకదానినొకటి వదిలి చెదురుతాయి, వాటిని తిరిగి వేడి చేసినప్పుడు అన్నీ సమానంగా ఉబ్బుతాయి. కతకురికో విషయంలోనూ కారణం ఇదే. అది గోధుమ పిండి కంటే వేగంగా చిక్కబడుతుంది కాబట్టి ఉండలు కట్టే ప్రమాదం ఇంకా ఎక్కువ.

అయితే చాలామంది అక్కడితో ఆగిపోతారు, సూప్ చిక్కబడగానే మంట ఆపేస్తారు. అలా చేస్తే పిండి రేణువులు పూర్తిగా ఉడకవు, కాసేపటికే సూప్ పలచబడుతుంది. దాషిగిన్నె గారు చెప్పిన ఆ ఒక్క నిమిషం అందుకోసమే. అదే పనిగా పది నిమిషాలు మరిగించినా, మాటిమాటికీ గట్టిగా కలియబెట్టినా చిక్కదనం విరిగిపోతుంది. బంగాళదుంప పిండికి ఆ బలహీనత ఉంది. మొక్కజొన్న పిండి వాడితే ఇంత తొందరగా విరగదు, కానీ ఆ మెరుపు రాదు, సూప్ మసకగా కనబడుతుంది.

మీ మూడో సందేహానికి జవాబు లాలాజలంలో ఉంది. అందులోని అమైలేజ్ అనే ఎంజైమ్ పిండిపదార్థాన్ని ముక్కలు చేస్తుంది. నూడుల్‌ను సగం కొరికి మిగిలినది గిన్నెలోకి వదిలినప్పుడల్లా, నోట్లో పెట్టిన చాప్‌స్టిక్స్‌ను సూప్‌లో ముంచినప్పుడల్లా ఆ ఎంజైమ్ కొద్దికొద్దిగా సూప్‌లోకి చేరుతుంది. అందులో దుకాణం లోపం ఏమీ లేదు. పచ్చి తేనెలో కూడా అమైలేజ్ ఉంటుంది కాబట్టి, తీపి కోసం తేనె కలపాలనుకునేవారు దానిని చివర్లో కలిపితే సూప్ అక్కడికక్కడే పలచబడవచ్చు. తేనెను మొదట్లోనే వేసి బాగా మరిగించాలి, లేదా మన తొందరకు చక్కెరతో సరిపెట్టుకోవాలి.

దాషిగిన్నె:
రెండో సందేహానికి నేను చెబుతాను. ఫ్రోజెన్ ఉడోన్ చాలావరకు ప్యాకెట్‌తోనే మైక్రోవేవ్‌లో పెట్టేలా తయారవుతుంది. వాట్లు, నిమిషాలు ప్యాకెట్ మీదే ఉంటాయి. రూ కరిగించడానికి మంట ఆపినప్పుడు మొదటి ముద్దను మైక్రోవేవ్‌లో పెడితే, కతకురికో ఉడికే వేళకు రెండో ముద్ద కూడా సిద్ధమవుతుంది. తీసిన వెంటనే వేడినీళ్ళలో ఒకసారి విదిలించి, నీళ్ళు పూర్తిగా ఓడ్చండి. నూడుల్‌తో పాటు గిన్నెలోకి వెళ్ళే నీళ్ళే సూప్‌ను పలచబరిచే అసలు దొంగ. వడ్డించే గిన్నెలను కూడా వేడినీళ్ళతో ముందే వెచ్చబరిస్తే మంచిది.

శాకపాకం:
మాంసం, చేపలు లేకుండా ఇది కుదురుతుందా? మెంట్సుయులో కట్సుఒబుషి, అంటే పొగబెట్టి ఎండబెట్టిన చేప, ఉంటుందని తెలుసు. రూ బిళ్ళల్లో కూడా జంతువుల కొవ్వు ఉంటుందని విన్నాను. పెట్టె మీద బొమ్మలో కూరగాయలే ఉన్నంత మాత్రాన నమ్మవచ్చా?

దాషిగిన్నె:
బొమ్మను నమ్మవద్దు శాకపాకం గారూ, వెనుకనున్న పదార్థాల పట్టిక చదవండి. జపాన్‌లో పదార్థాలను బరువు ఎక్కువ ఉన్న క్రమంలో రాయాలి కాబట్టి రూలోని కొవ్వు మొదటి రెండు మూడు పేర్లలోనే తగులుతుంది. చాలా బిళ్ళల్లో అది ఎద్దు కొవ్వు, పంది కొవ్వు కలిసిన నూనె, కొన్నింటిలో పామాయిల్. కొవ్వు మొక్కలదే అయినా పట్టిక దిగువన మాంసపు సారం, కోడి సారం ఉండవచ్చు. అలెర్జీ వివరాల గడిని మాత్రమే చూసి నిర్ణయించుకోకండి. గోధుమ, పాలు, గుడ్డు వంటివి అక్కడ చూపడం చట్టప్రకారం తప్పనిసరి, ఎద్దు మాంసం, పంది మాంసం, కోడి మాంసం, జెలటిన్ మాత్రం చూపమని సిఫారసు చేసిన జాబితాలోనివి. కొంబు (ఎండబెట్టిన సముద్రపు నాచు) పేరుతో అమ్మే మెంట్సుయు సీసాల్లో కూడా కట్సుఒబుషి సారం తరచుగా ఉంటుంది.

మీ విషయంలో పాతపేజీలు గారు చెప్పిన దారే సులభం. ఉదయం బయలుదేరే ముందు 1 లీటరు నీళ్ళలో 10 గ్రాముల కొంబు, మూడు నాలుగు ఎండు షీతాకే పుట్టగొడుగులు వేసి ఫ్రిజ్‌లో పెట్టండి. సాయంత్రానికి దాషి తయారుగా ఉంటుంది, పొయ్యి మీద చేయవలసిన పని లేదు. కొంబు రుచికి మూలమైన గ్లుటమేట్‌ను 1908లో జపాన్ రసాయన శాస్త్రవేత్త ఇకెడా కికునాఎ గుర్తించారు. షీతాకేలో గ్వానిలేట్ అనే మరొక రుచి పదార్థం ఉంది. ఈ రెండూ కలిసినప్పుడు వచ్చే రుచి విడివిడి రుచుల మొత్తం కంటే చాలా ఎక్కువ, అందుకే ఈ దాషికి కట్సుఒబుషి లేని లోటు పెద్దగా తెలియదు. నానిన షీతాకేలను చీల్చి ఉల్లిపాయతో పాటు నూనెలో వేయించి, 1 పెద్ద చెంచా కర్రీ పొడి వేసి సన్నని మంట మీద అర నిమిషం తిప్పి, 600 మిల్లీలీటర్ల దాషి, 3 పెద్ద చెంచాల సోయా సాస్, 2 చెంచాల మిరిన్, చిన్న చెంచాడు చక్కెర వేయండి. రూ లేదు కాబట్టి కతకురికో 2 పెద్ద చెంచాలు కావాలి. మాంసానికి బదులు అబురాఅగెను (పలుచగా కోసి వేయించిన టోఫు) మరిగే నీళ్ళు పోసి నూనె వదిలించి, వేలెడు వెడల్పున కోసి వేయండి. సూప్‌ను పీల్చుకున్న ఆ ముక్కలను కొరికినప్పుడు, నిజం చెప్పాలంటే, మాంసం గుర్తుకు రాదు.

నిదానం:
కొంబును మరిగించకూడదని కూడా చెప్పండి. దాషిని పొయ్యి మీద పెట్టే ముందే కొంబు ముక్కను తీసేయాలి, లేకపోతే జిగురూ, ఒక రకమైన సముద్రపు వాసనా సూప్‌లో చేరతాయి.

పిండిమర:
నిన్నటి కర్రీతో చేసే ఉడోన్ గురించి ఇంతకుముందు ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. కర్రీ గిన్నెను రాత్రంతా పొయ్యి మీదే వదిలి, ఉదయం మరిగిస్తే సరిపోతుందని అనుకోవద్దు. క్లాస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే బాక్టీరియా బీజాలు మరుగుడు వేడిని తట్టుకుంటాయి. చిక్కటి కర్రీ నెమ్మదిగా చల్లారుతుంది, గిన్నె అడుగున గాలి తగలదు, 45 డిగ్రీల చుట్టుపక్కల ఆ బాక్టీరియా చాలా వేగంగా పెరుగుతుంది. తిన్న వెంటనే మిగిలినదాన్ని లోతులేని డబ్బాల్లోకి పంచి, త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి. మర్నాడు అడుగు నుంచి కలుపుతూ మరిగించాలి.

మరకలచొక్కా:
వంట సంగతి పెద్దలు చూసుకున్నారు, తినడం గురించి నాదొక మాట. ఉడోన్ బరువైన నూడుల్, చివరి మొన పెదవి దగ్గరకు వచ్చేసరికి కొరడాలా కొడుతుంది. కర్రీ ఉడోన్ దుకాణాల్లో కాగితపు ఏప్రన్ ఇవ్వడం ఊరికే కాదు. చొక్కా మీద పడితే ముందు చల్లని నీళ్ళలో గిన్నెల సబ్బుతో నూనెను వదిలించి, మామూలుగా ఉతికి, ఎండలో ఆరేయండి. పసుపులోని కర్‌క్యుమిన్ వెలుతురుకు నిలవదు. సబ్బు తగలగానే మరక ఎర్రబడితే కంగారుపడవద్దు, క్షారం తగిలితే దాని రంగు అలా మారుతుంది, కడిగితే తిరిగి పసుపు రంగుకు వస్తుంది.

ఉత్తరపుగాలి:
నేను హొక్కయిదోలో ఉంటాను. ఇక్కడ మురోరాన్ నగరం కర్రీ రామెన్‌కు పేరుబడింది. ఇంట్లో రామెన్ నూడుల్స్‌తో చేయాలనుకుంటే దాషిగిన్నె గారి కొలతలో రెండు మార్పులు చేయండి. మెంట్సుయు ఒక చెంచా తగ్గించి, ఆ స్థానంలో కోడి సూప్ పొడి వేయాలి, లేకపోతే రామెన్ నూడుల్‌లోని క్షారపు వాసనకూ చేప దాషికీ పొత్తు కుదరదు. నూడుల్ సన్నగా ఉండి దానంతట అదే సూప్‌ను పట్టుకుంటుంది కాబట్టి కతకురికో కూడా సగం చాలు. రామెన్ త్వరగా మెత్తబడుతుంది, పైన చిక్కటి వేడి సూప్ కూర్చుంటే ఇంకా త్వరగా. కాబట్టి ప్యాకెట్ మీద చెప్పిన సమయానికి ముందే నీళ్ళ నుంచి తీసేయండి.

ఒంటిపొయ్యి:
దాషిగిన్నె గారి కొలతతో చేశాను. సూప్ నూడుల్‌ను పట్టుకుంది, బుడగల గుర్తు కూడా సరిగ్గా పనిచేసింది. నూడుల్స్ అయిపోయాక గిన్నెలో సూప్ చాలా మిగులుతోంది. దానిలో అన్నం కలుపుకోవడం జపాన్‌వారికి ఆమోదమేనా?

పాతపేజీలు:
ఆమోదమే, దానినే ప్రత్యేకతగా చేసుకున్న నగరం కూడా ఉంది. ఐచి ప్రాంతంలోని తొయోహాషిలో 2010లో మొదలైన కర్రీ ఉడోన్‌లో గిన్నె అడుగున అన్నం, దానిపైన తురిమిన యామ్ దుంప, ఆపైన ఉడోన్, కర్రీ ఉంటాయి. కౌజు పిట్ట గుడ్ల ఉత్పత్తిలో పేరున్న ప్రాంతం కాబట్టి ఆ గుడ్డు కూడా అందులో తప్పనిసరి. యామ్ తురుము జిగటగా మధ్యలో పరుచుకుని, ఉడోన్ తింటున్నంతసేపూ అన్నం సూప్‌లోకి తేలిరాకుండా ఆపుతుంది. నూడుల్స్ ముగిశాక చెంచాతో అడుగు నుంచి కలిపి తింటారు.

ఇంట్లో చేయాలంటే పెద్ద గిన్నె తీసుకుని, అన్నం గుప్పెడుకు మించకుండా పరిచి చదును చేయండి, ఎక్కువైతే సూప్‌కు చోటుండదు. నగఇమో అనే యామ్ దుంపను తురిమి అన్నం పూర్తిగా మూసుకునేలా పోసి, ఉడోన్‌ను నెమ్మదిగా దించి, సూప్‌ను మధ్యలో కాకుండా అంచుల వెంట పోయండి. దుంప తొక్క తీసేటప్పుడు చేతులు దురద పెడితే కొద్దిగా వెనిగర్ కలిపిన నీళ్ళతో కడుక్కుంటే తగ్గుతుంది.